ముందు అన్నం, తర్వాత మాట

పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పిసికే వాసన తగిలితే నాకు ఆకలి కంటే ముందు సిగ్గు వేస్తుంది. మొన్న చిట్యాల దగ్గర ఒక ఊళ్ళో మళ్ళీ అదే జరిగింది. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఉంగరమో కత్తెరో ఏదో ఒకటి ఇస్తారు. అయినా ప్రతి ఊళ్ళో ప్రతి పార్టీ ఒకరిని చూపించి ‘మేము బలపరిచిన అభ్యర్థి’ అని చెప్పుకుంటుంది. ఆ ఊళ్ళో మా పార్టీ వాళ్ళే ఇద్దరు నామినేషన్లు వేసి కూర్చున్నారు. ఒకరిని దించాలి. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఉపసంహరణ గడువు. ఆ పని మీద మహబూబాబాద్ జిల్లా దాటించి నన్ను భూపాలపల్లి వైపు పంపారు. దిగవలసిన అమ్మాయి పేరు స్వప్న. నన్ను గడపలో చూసి ముఖం తిప్పుకుంది. ఆమె అత్త మాత్రం పీట వేసి, చేతులు కడుక్కోమని చెంబు అందించి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి కాల్చిన పచ్చిమిర్చి, చింతపండు, ఉల్లిగడ్డ కలిసిన ఆ వాసన బయటికి వచ్చింది. నా చేతిలో ఫోన్ అప్పటికే రెండుసార్లు వణికింది. యాకమ్మక్క గుర్తొచ్చింది అంటే సరిపోదు. ఇట్లాంటి ఇళ్ళకు నేను ఎప్పుడు వెళ్ళినా ఆమె నాకంటే ముందే వచ్చి పీట మీద కూర్చుని ఉన్నట్టే ఉంటుంది.

ఆమెను చూడని వాళ్ళకు ఎట్లా చెప్పాలి? పొడుగు మనిషి. గొంతు అంతకంటే పొడుగు. పెద్దవంగర వైపు మా తండాకు అరగంట నడక దూరంలో ఆమె ఊరు. ఎకరన్నర మిరప చేను, తాటిచెట్టు మీద నుంచి పడి నడుం దెబ్బతిన్న భర్త సోమయ్య, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన ఇద్దరు బిడ్డలు. పెద్దయ్యాక రాత్రి బడిలో సంతకం నేర్చుకుంది. పెట్టిన ప్రతిసారీ నాలుక కొంచెం బయటికి వచ్చేది. మండలంలో మా పార్టీ మహిళా విభాగానికి ఆమె అధ్యక్షురాలు, అది కాగితం మీద. అసలు పని వేరే. టికెట్ రాలేదని అలిగి సొంతంగా నామినేషన్ వేసిన మా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ చేత ఉపసంహరింపజేయడం. పత్రికల వాళ్ళు దాన్ని బుజ్జగింపు అంటారు. ఆమె ‘దించుడు’ అనేది. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేసింది, అదీ పైసా ఆశించకుండా, తనకంటూ ఒక్క పదవికీ నోరు తెరవకుండా. అట్లాగని సాధువు కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. సభల్లో మొదటి వరసలో కూర్చునేది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, లేవమంటే, “ఎందుకు, ఆయనకు కాళ్ళు లేవా?” అని అందరికీ వినబడేలా అడిగేది. ఒకసారి అలిగిందంటే ఆ ఏడాది దసరాకు కూడా పలకరించేది కాదు.

నేను ఆమెను మొదటిసారి మా ఇంట్లోనే చూశాను. అప్పుడు నేను తొర్రూరులో డిగ్రీ చదువుతున్నాను. మా తండా ఇంకా పక్క ఊరి పంచాయతీలోనే ఉండేది. సర్పంచ్‌గా పార్టీ ఊళ్ళో వాళ్ళనే బలపరిచింది. మా బాపు కోపం పట్టలేక తానూ నామినేషన్ వేశాడు. తండా ఓట్లన్నీ ఆయన వెంటే. ఆ రెండు రోజులూ మా ఇంటి ముందు జీపులే జీపులు. ఒకాయన మార్కెట్ కమిటీలో పదవి ఇప్పిస్తానన్నాడు, ఇంకొకాయన బోరు వేయిస్తానన్నాడు. ఎవరూ మంచం మీద కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. తండాలో మంచినీళ్ళు తాగని వాళ్ళు తండాకు బోరు వేయిస్తామంటే మా అమ్మకు నవ్వొచ్చింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం తల మీద తువాల వేసుకుని యాకమ్మక్క నడుచుకుంటూ వచ్చింది. బాపును పలకరించనైనా లేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, “ఏం జేసినవ్ చెల్లె? ఆకలైతాంది” అంది.

మా అమ్మ తెల్లబోయింది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. యాకమ్మక్క రెండు రొట్టెలు తిని, మూడోది అడిగి మరీ తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు బాపు వైపు తిరిగింది.

“దిగుమని చెప్పతందుకే వచ్చిన అన్నా. నీకియ్యతందుకు నా కాడ ఏం లేదు.”

“మరి గంత దూరం ఎందుకొచ్చినవ్?” అన్నాడు బాపు.

“నువ్వు నిలబడితే ఇద్దరు ఓడుతరు. దిగితే ఒక్కడన్న గెలుస్తడు. గెలిచినోడు నీ తండకు మేలు జేస్తడని నేను చెప్ప. చెయ్యకపోతే మాత్రం నీ ఎంబడి వచ్చి వాని గల్ల పట్టుకోని అడుగుత. నా చేతనైంది గంతే.”

బాపు మర్నాడు వెళ్ళి నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. గెలిచినవాడు ఏడాది పాటు తండా ముఖం చూడలేదు. యాకమ్మక్క మాత్రం అన్న మాట ప్రకారం బాపును వెంటబెట్టుకుని మూడుసార్లు పంచాయతీ ఆఫీసుకు పోయింది. మూడోసారి నిజంగానే చొక్కా పట్టుకుందని ఊరంతా చెప్పుకున్నారు. తండాకు మట్టిరోడ్డు పడింది. డిగ్రీ అయ్యాక నేను పార్టీలోకి వచ్చానంటే ఆ రోడ్డు మీద నడిచే వచ్చాను. ఆమెకు చదవడం రాదు కనుక దరఖాస్తులు, ఓటర్ల జాబితాలు నేను చదివిపెట్టేదాన్ని. ఆమె వెంట ఊళ్ళు తిరిగేదాన్ని. ఎక్కడికి వెళ్ళినా అదే పద్ధతి. ముందు అన్నం, తర్వాత మాట. ఏ కులం ఇల్లయినా, ఏ మతం ఇల్లయినా, ముందు రోజు అన్నమైనా సరే.

అది ఒక ఉపాయం అనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను. ఇంట్లో తిన్నవాళ్ళను ఎవరూ వెళ్ళగొట్టలేరు, వాళ్ళ మనసు మెత్తబడుతుంది, అప్పుడు అడగాలి అని నేను లెక్కవేసుకున్నాను. తర్వాతి ఎన్నికల్లో ఇమ్మానుయేలు అనే తాపీమేస్త్రీ వార్డు మెంబరుగా తిరుగుబాటు నామినేషన్ వేస్తే, ఆమె వేరే ఊళ్ళో ఉండి నన్ను ఒక్కదాన్నే పంపింది. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేదాకా ఆగి, వాళ్ళతో పాటు కూర్చుని కడుపునిండా తిన్నాను. తర్వాత అడిగాను. ఆయన కదల్లేదు. నా మొదటి పని వట్టిదైపోతుందని భయం వేసింది. “నీ భార్యకు అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం ఇప్పిస్తాం, పార్టీ మాట ఇది” అనేశాను. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. ఆయన సరేనన్నాడు. నేను ఎగురుకుంటూ వచ్చి యాకమ్మక్కకు చెప్పాను. ఆమె అప్పుడు చేనులో మిరపకాయలు ఏరుతున్నది.

“ఎవలిచ్చిండ్రు గా ఉద్యోగం?” అంది తల ఎత్తకుండానే.

“ఎవరూ ఇవ్వలేదక్కా. అందరూ అట్లాగే చెప్తరు గదా.”

“తిన్నవా ఆల్లింట్ల?”

“తిన్న. నువ్వు చెప్పినట్టే. తింటే ఆల్ల మనసు మెత్తబడ్తదని…”

ఒడిలో కాయలన్నీ నేల మీద పారబోసి లేచింది. “ఆల్లది గాదే పిల్లా, నాది! ఒకలింట్ల తిన్నంక ఆల్లకు అబద్ధం చెప్పబుద్ధి గాదు నాకు. గందుకు ముందే తింట. ఎడ్లు మెయ్యకుండ చిక్కం కడ్తరు సూడు, గట్ల నా మూతికి నేను కట్టుకునే చిక్కం గది. నువ్వు తిని అబద్ధమాడినవా?”

అప్పటికప్పుడు నన్ను ఆటో ఎక్కించుకుని ఇమ్మానుయేలు ఇంటికి తీసుకుపోయింది. గడపలో నిలబెట్టి, నా నోటితోనే చెప్పించింది, ఉద్యోగం సంగతి అబద్ధమని. ఆయన భార్య ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. ఇమ్మానుయేలు దిగలేదు. ఆ వార్డులో మేము ఓడిపోయాం. జిల్లాలో మా పార్టీ వ్యవహారాలు చూసే పెద్దాయనను అందరం పెద్దన్న అంటాం. ఆయన ఫోన్ చేసి నానా మాటలు అంటే, “నేనే చెడగొట్టిన, ఏం జేస్తవో జెయ్యి” అని యాకమ్మక్క మొత్తం తన మీద వేసుకుంది. నా పేరు చెప్పనేలేదు. ఆమె మీద నాకు ప్రేమ, కోపం రెండూ అప్పుడే మొదలయ్యాయి. రాజకీయాల్లో ఈ మనిషి వెంట ఉంటే ఎదగనని కూడా అప్పుడే అనిపించింది. దాచిపెట్టి ఏం లాభం, అనిపించింది.

తర్వాత మండల ఎన్నికలు వచ్చాయి. యాకమ్మక్క ఊరి ఎంపీటీసీ స్థానం, అంటే మండల పరిషత్ సభ్యత్వం, బీసీ మహిళకు రిజర్వ్ అయింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె నోరు తెరిచి అడిగింది. “ఈపాలి నేను నిలబడ్త” అంది, అంతే. నామినేషన్ వేసే రోజు కొత్త చీర కట్టింది. సంతకం పెడుతుంటే నాలుక బయటికి వచ్చింది, నేను పక్కనే నవ్వాను. సోమయ్యమామ నడుం పట్టుకుని ఆఫీసు మెట్ల దాకా వచ్చాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా గెలుస్తుందన్నారు. గడువుకు ముందు రోజు పెద్దన్న నన్ను తొర్రూరుకు పిలిపించాడు. పదిహేను రోజుల క్రితం పార్టీలో చేరిన ఒక కాంట్రాక్టరు భార్యకు బీ-ఫారం ఇస్తున్నామన్నాడు. పార్టీ గుర్తు ఆమెకే వస్తుంది. యాకమ్మక్క దిగకపోతే ఓట్లు చీలుతాయి.

“నువ్వు చెప్తేనే ఇంటది. దించుకోని రా. వచ్చేపాలి జడ్పీటీసీ ఆమెకేనని చెప్పు,” అన్నాడు.

“నిజంగ ఇస్తరా అన్నా?”

“చెప్పమన్న గదా. చెప్పు. నీ సంగతి నేను చూసుకుంట. మహిళా విభాగానికి చదువుకున్న పిల్ల కావాలె ఇగ.”

జిల్లా పరిషత్ సీటు ఆమెకు ఇవ్వరని నాకు తెలుసు. తొర్రూరు బస్టాండులో గంటసేపు నిలబడ్డాను. నాలుగు బస్సులు వదిలేశాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, పక్కనే మిర్చి బజ్జీల బండి ఉన్నా ముట్టలేదు. ఒంటిగంటన్నరకు ఆమె ఇంటికి చేరాను. ఆమె పచ్చిపులుసు చేస్తున్నది. గిన్నెలో చెయ్యి పెట్టి ఉల్లిగడ్డ పిసుకుతూ నన్ను చూసి నవ్వింది. పళ్ళెం పెట్టింది. వేడన్నం వడ్డించబోయింది.

“వద్దక్కా. తొర్రూర్ల తినొచ్చిన,” అన్నాను.

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. గరిటెలో అన్నం మళ్ళీ గిన్నెలో వేసింది. పొయ్యి పక్కన మంచం మీద నుంచి సోమయ్యమామ, “జరంత తినుమనే, ఎంత పెద్ద లీడరైనా కడుపు కడుపే గదా” అన్నాడు. “తిన్నదట, ఊకో” అంది ఆమె. నా ఎదురుగా కూర్చుని తను ఒక్కతే తినడం మొదలుపెట్టింది. మామూలుగా గబగబా తినే మనిషి, ఆ రోజు ముద్ద ముద్దకూ ఆగింది. నేను చెప్పవలసిందంతా చెప్పాను. జడ్పీటీసీ అన్నాను. పెద్దన్న స్వయంగా అన్నాడన్నాను. పార్టీ ఆమెను మరిచిపోదన్నాను. ఇంకా ఏమేమో అన్నాను.

“మాట పార్టీ ఇస్తాందా, నువ్విస్తున్నవా?” అని అడిగింది.

“నేనే ఇస్తున్నక్కా.”

“సరే, పా.” చెయ్యి కడుక్కుంది. నామినేషన్ నాడు కట్టిన చీరే కట్టుకుంది. ఇద్దరం ఆటోలో మండల ఆఫీసుకు పోయాం. ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నాలుక బయటికి రాలేదు, పెదవులు బిగించుకుని పెట్టింది. ఆఫీసులో వాళ్ళు ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగితే, “నాకు బలవంతమా?” అంది. అది విని వాళ్ళు నవ్వారు.

కాంట్రాక్టరు భార్య గెలిచింది. నెల తిరక్కుండా మహిళా విభాగం మండల అధ్యక్షురాలిగా నా పేరు వచ్చింది, ఆమె పేరు తీసి. నేను ఆమె ఊరి మీదుగా వెళ్ళడం మానేశాను. చుట్టు తిరిగి పోయేదాన్ని. ఏ ఫంక్షనుకు పిలిచినా ముందు ఆమె వస్తున్నదా అని కనుక్కునేదాన్ని. పేపర్లో జడ్పీటీసీ అనే మాట కనబడితే పేజీ తిప్పేసేదాన్ని. అట్లా రెండేళ్ళు గడిపాను. సోమయ్యమామ నడుం మళ్ళీ దెబ్బతిని జనగామ దవాఖానలో చేర్చారని తెలిసింది. ఇక వెళ్ళకుండా ఉండలేకపోయాను. బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పోయాను. వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చింది. బ్రెడ్డు, బత్తాయిలు మా ఇద్దరి మధ్యా పెట్టాను. చివరికి నేనే అడిగేశాను.

“అబద్ధమని నీకు తెల్సు గదా అక్కా?”

“పళ్ళెం ముట్టనినాడే తెలిసె. తొర్రూర్ల తిన్నంటివి. నీ కడుపు కుయ్యోమొర్రోమని మొత్తుకుంటాంటే నాకినబడలేదా?”

“మరెందుకు దిగినవ్?”

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఇరువై ఏండ్లు ఊరూరు తిరిగి మందిని దిగుమన్న. మీ బాపును దిగుమన్న. ఆల్లందరికి నిలబడాలని ఉండకపాయెనా? నా వంతొచ్చేసరికి దిగనంటే, ఆల్లు నన్నేమనుకోవాలె? గందుకు దిగిన. నీ జడ్పీటీసీకి గాదు, నీ మొకం సూసి గాదు.” నా వైపు తిరిగి, “నాకు కోపం లేదనుకోకు పిల్లా. ఉన్నది. నీకు తెలువక జేస్తివా? నేర్పింది నేనే. గందుకే ఎక్కువున్నది” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఊరుకోమని అనలేదు. కాసేపయ్యాక, “ఛాయ తాగుతవా?” అని లేచి వెళ్ళి రెండు కప్పులు తెచ్చింది.

అప్పటి నుంచి ఆమె ఇంటికి వెళ్తూనే ఉన్నాను. సోమయ్యమామ మెల్లగా లేచి తిరుగుతున్నాడు. ఆమె నాతో మాట్లాడుతుంది, తిడుతుంది, పార్టీ సంగతులు అడుగుతుంది. ఛాయ పోస్తుంది. అన్నం మాత్రం పెట్టదు. భోజనాల వేళకే కావాలని వెళ్ళి చూశాను. వాళ్ళు తినేదాకా ఆగుతాను, నా ముందు ఛాయ కప్పు ఉంటుంది. అడిగి పెట్టించుకోవచ్చు. మా ఇంట్లో ఆమె అట్లాగే అడిగి తిన్నది కదా. నాకు మాత్రం నోరు రాదు.

మొన్న స్వప్న అత్త నా ముందు పళ్ళెం పెట్టినప్పుడు మా తండా, తొర్రూరు బస్టాండు, జనగామ వరండా అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఫోన్ మూడోసారి వణికింది. చూడకుండానే తెలుసు, పెద్దన్న. పొద్దున బయలుదేరేటప్పుడే చెప్పి పంపాడు, స్వప్నకు ఉపసర్పంచ్ పదవి ఇస్తామని చెప్పు, ఆమె భర్తకు ఏదో ఒక పని చూపిస్తామని చెప్పు అని. రెండూ వట్టివే. ఒక్క మాట అంటే చాలు, ‘ఇప్పుడే తినొచ్చిన’ అని. నోటి దాకా వచ్చింది కూడా. స్వప్న గుమ్మానికి ఆనుకుని నన్నే చూస్తున్నది. అన్నంలో పచ్చిపులుసు పోసుకుని కలిపాను. మొదటి ముద్ద నీళ్ళు తాగి మింగాను. రెండోది దిగింది. తర్వాత నిజంగానే ఆకలేసింది. మారు అడిగి పెట్టించుకున్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి స్వప్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నిలబడితే ఇద్దరూ ఓడిపోవచ్చు. దిగితే రెండో ఆమె గెలవవచ్చు. ఆమె నీ వాడకు ఏమీ చేయకపోతే నీ వెంట వచ్చి అడుగుతాను, అది మాత్రం నా చేతిలో ఉంది అన్నాను.

“అందరు ఏదో ఒకటి ఇస్తమన్నరు. నువ్వొక్కదానివే ఏం లేదంటున్నవ్,” అంది స్వప్న. “రేపటిదాక ఆలోచన జేస్త అక్కా.”

ఆమె ఏం చేస్తుందో నాకు తెలియలేదు. నా పదవి ఏమవుతుందో కూడా తెలియలేదు. కారు ఎక్కి, ఊరు దాటాక ఫోన్ తీశాను. పెద్దన్న పలకరింపు కూడా లేకుండా, “మాటిచ్చినవా?” అని అడిగాడు.

“లేదన్నా,” అన్నాను. “అన్నం తిన్న.”